జెండా దించిన బల్ల

హోటలు లైనులోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే. ఇన్నేళ్లు పని చేశారు కదా, కస్టమరును మెప్పించడం ఎలాగో ఒక్క ముక్కలో చెప్పండి అని. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! మెచ్చుకుని పోయినవాళ్లెవరూ నాకు గుర్తు లేరు. తిన్నారు, మూతి తుడుచుకున్నారు, వెళ్లిపోయారు. గుర్తున్నదల్లా నా కళ్లెదుట ఆకలితో కూర్చుని లేచిపోయినవాళ్లు, వాళ్లు రాసిన రాతలకు నేను బలి పెట్టిన ఒక వంటామె. ఆ సంగతే చెబుతాను. ఇందులో నేను మంచివాడిగా కనబడను, ముందే చెప్పేస్తున్నాను.

అనంతపురం బయట హైవే పక్కన ఆ బార్బెక్యూ హోటలు పెట్టేనాటికి నాకు యాభై దాటాయి. అంతకు ముందు ఇరవై అయిదేళ్లు మాంసం భోజనం పెట్టే మిలిటరీ హోటల్లో సర్వరుగా, ముహూర్తాల కాలంలో పెళ్లిళ్లలో వడ్డనవాడిగా బతికాను. వడ్డనలో నాకు పేరుండేది. మా వైపు భోజనానికి కూర్చున్న మనిషి మొదటిసారి చాలంటే అది చాలు కాదు. అది మర్యాద. రెండోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు, అదీ మర్యాదే. వేళ్లు కాస్త ఎడంగా ఉంటాయి, ఆ సందులోంచి గరిటె దించాలి. మూడోసారి మనిషి మొత్తం విస్తరి మీదికి వంగుతాడు చూడండి, అప్పుడు నిజంగా కడుపు నిండిందన్నమాట. ఇది ఎవరూ నేర్పరు. మొదటి చాలుకే వెనక్కి తిరిగే వడ్డనవాడిని మళ్లీ ఏ పెళ్లికీ పిలవరు.

ఇంత తెలిసిన నేను ఆ కొత్త హోటల్లో చేరగానే అన్నీ మరిచిపోయాను. కారణం ఒక నల్ల కోటు. కెప్టెన్ అని పెద్ద పేరు పెట్టి, కోటు తొడిగి, చెవిలో వైరు పెట్టి నన్ను హాలు మధ్యలో నిలబెట్టారు. పదహారు మంది సర్వర్లు నా కింద. అప్పటిదాకా నా భుజం మీద ఉన్నది తుండుగుడ్డ ఒక్కటే. మా ఆవిడ ఆ కోటును రోజూ దులిపి తగిలించేది, నేను దాన్ని నా ఒంటికంటే జాగ్రత్తగా చూసుకునేవాణ్ణి.

హోటలు పద్ధతి ఇది. ప్రతి బల్లకూ మధ్యలో గుంత, అందులో బొగ్గుల నిప్పులు. చువ్వలకు గుచ్చిన కోడి, పొట్టేలు, చేప ముక్కలు తెచ్చి ఆ నిప్పుల మీద పెడతాం. తిన్నంత తినొచ్చు. బల్ల మీద వేలెడంత జెండా ఒకటి ఉంటుంది. జెండా నిలబడి ఉన్నంతసేపూ చువ్వలు వస్తూనే ఉంటాయి. చాలనుకున్నవాళ్లు జెండా పడుకోబెడితే ఆపేస్తాం. బెంగళూరు నుంచి వచ్చి మాకు వారం రోజులు పాఠాలు చెప్పిన ఆయన ఈ జెండా దగ్గర చాలా గట్టిగా ఉండేవాడు. దించిన జెండా బల్లకు మళ్లీ పోవడమంటే కస్టమరు మాటను లెక్కచేయకపోవడమేనని, మాంసం దండగని చెప్పేవాడు. నేను తల ఊపాను. నా కింద పదహారు తలలూ ఊగాయి.

మొదటి నెల జనం విరగబడి వచ్చారు. "ఎండ చాలదని బల్ల మీద గూడా నిప్పు పెట్టినారేమప్పా" అంటూనే వచ్చి కూర్చునేవారు. వజ్రకరూరు నుంచి వచ్చిన ఒక పార్టీ కార్యకర్త జెండా రంగు చూసి మండిపడ్డాడు. అది అవతలి పార్టీ రంగట. మా యజమాని ఊరి భూముల కుటుంబం మనిషి, రాజకీయాల్లో కూడా ఒక కాలు ఉంది. ఆ మర్నాడే జెండాలన్నీ తెల్లవి చేయించాడు. అప్పుడు ఇంకొకడు, "తెల్ల జెండానా? మేం యాడా లొంగిపోయేటోళ్లం కాదు" అని మీసం దువ్వాడు. ఇవన్నీ నవ్వుకునే ముచ్చట్లే.

వంటింట్లో మాంసానికి మసాలా పట్టించేది ఒకామె. పట్నం ఆనుకుని ఉన్న పల్లె, క్రైస్తవుల కుటుంబం. తల్లీ తండ్రీ కూలి పనులకు పోయినవాళ్లే. ఈమె మాత్రం పదిహేనేళ్లుగా పెళ్లిళ్లకూ క్రిస్మస్ విందులకూ పెద్ద డేగిసాల్లో వండి పేరు తెచ్చుకుంది. నేను వడ్డించిన పెళ్లిళ్లలో సగానికి ఆమె వండినదే. హోటల్లోకి ఆమెను తెచ్చిందీ నేనే. ఎండుమిరపకాయలు, ధనియాలు, వేయించిన వేరుశనగ, అదే మా చెనిక్కాయల పొడి, పొట్టేలుకైతే పచ్చి బొప్పాయి ముద్ద. చూపుతో కొలిచేది, ముక్కుతో సరిచూసేది. నన్ను అన్నా అని పిలిచేది. సిబ్బంది భోజనానికి ముందు ఒక చువ్వ కాల్చి, "అన్నా, ఉప్పు చూడు" అని నా చేతికిచ్చేది. నేను ఉప్పు చూసే నెపంతో మూడు ముక్కలు తినేవాణ్ణి.

రెండో నెలలో ఫోన్లలో మా హోటలు మీద రాతలు మొదలయ్యాయి. అయిదుకు ఒక్క చుక్క, రెండు చుక్కలు. "రుచి లేదు." "మసాలా పట్టలేదు." "పేరే గొప్ప." నాకు విచిత్రంగా ఉండేది, ఎందుకంటే బల్ల దగ్గర ఎట్లుందని అడిగితే అందరూ బాగుందనే అన్నారు. రాసినవాళ్లలో ఒక్కరూ ముక్కలు తక్కువ పడ్డాయని రాయలేదు. అందరూ రుచి మీదే పడ్డారు. పైగా రోజూ మసాలా పట్టిన మాంసం తట్టలకు తట్టలు మిగిలేది.

ఒక సోమవారం పొద్దున హోటలు తెరవకముందు యజమాని అందరినీ హాల్లో నిలబెట్టాడు. రాతలన్నీ పెద్దగా చదివించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"వచ్చినోళ్లు ఒగ వాయి తిని జెండా దించేసి లేసి పోతాండారు. మాంసమేమో మిగులుతాండాది. తప్పు యాడుండాది? వంటలోనా, వడ్డనలోనా? నువ్వు చెప్పప్పా, పెద్దోడివి."

వడ్డన అంటే నేను. కోటు అంటే నేను. ఇంకా గంట కూడా కాలేదు, ఆమె కాల్చిచ్చిన చువ్వ తిని చేతులు కడుక్కుని. మిరప ఘాటు నాలుక మీద అట్లాగే ఉంది.

"రుచి జనాలకు పట్టల్యాదేమో సార్" అన్నాను.

ఆమె వంటింటి గుమ్మంలో ఉంది. కోపం కాదు, నా మాట సరిగ్గా వినలేదేమోనన్నట్టు ఒక అడుగు ముందుకు వచ్చింది.

"ఏందన్నా అట్లంటావు? ఇప్పుడే తింటివి గదా. నిన్న అడిగి రెండోసారి పెట్టించుకుంటివి గదన్నా. ఆ మాట చెప్పన్నా సార్‌కు."

పదహారు మంది నన్నే చూస్తున్నారు. "మనం తినేది వేరమ్మా, కస్టమరు తినేది వేరు" అన్నాను. చాలా పెద్దమనిషిలాగా అన్నాను. ఆమె వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ వారమే ఆమెను మానిపించేశారు. ఆమె స్థానంలో పట్నం నుంచి ఒకాయన వచ్చాడు, తనతో పాటు కట్టలుగా మసాలా పొట్లాలు తెచ్చాడు. వంటింట్లో రోలు మూలకు చేరింది.

పొట్లాల మసాలాకు కూడా అవే రాతలు వచ్చాయి. రుచి లేదు, రుచి లేదు. తట్టల్లో మాంసం అట్లాగే మిగిలింది. అది చూసైనా నాకు బుద్ధి రావాల్సింది. నేను మాత్రం కొత్త వంటాయనను తిట్టుకుంటూ తిరిగాను.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం బెళుగుప్ప నుంచి ఒక రైతు తన భార్యతో, భార్య తమ్ముడితో వచ్చాడు. బావమరిదికి విందు ఇస్తున్నాడని రావడంలోనే తెలిసింది. నిప్పులకు దగ్గరగా, మంచి చోటని తాను అనుకున్న కుర్చీలో బావమరిదిని కూర్చోబెట్టాడు. మొదటి వాయి చువ్వలు బల్లకు పోయాయి. మనిషికి మూడు ముక్కలు పడ్డాయేమో, బావమరిది "ఇంగ చాలు బావా" అని జెండా పడుకోబెట్టాడు.

పద్ధతి ప్రకారం సర్వరు ఆ బల్లను వదిలేశాడు. నేను పదడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. రైతు నా వైపు చూశాడు. నేను చిరునవ్వు నవ్వాను, అది కూడా నేర్పినదే. మళ్లీ చూశాడు. మళ్లీ నవ్వాను. అతను జెండా వైపు చెయ్యి చాపి, బావమరిది మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తానే జెండా లేపితే వచ్చిన చుట్టం ఆకలిగా ఉన్నాడని అందరి ముందూ చాటినట్టవుతుంది. లేపకపోతే చుట్టం అర్ధాకలితో పోతాడు. భార్య తల దించుకుని గ్లాసు తిప్పుతోంది. చుట్టూ అన్ని బల్లల మీదా కమ్మటి పొగ లేస్తుంటే వాళ్ల బల్ల మీద నిప్పులు బూడిద కట్టాయి. కాస్త అన్నం తిని ముగ్గురూ లేచారు.

నేను తలుపు దగ్గర, "ఎట్లుండాదన్నా భోజనం?" అని అడిగాను. రైతు భార్యను, బావమరిదిని ముందు పోనిచ్చాడు. వాళ్లు మెట్లు దిగాక నా దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నీది ఏ ఊరు?"

చెప్పాను.

"మన పక్కోడివే గదా. మీ ఇంటికి చుట్టం వచ్చి చాలంటే గిన్నె ఎత్తుకుని లోపలికి పోతావా నువ్వు? ఒగసారన్నా తినండప్పా అనాల్సిన పని ల్యా? ఆయప్ప ముందర నా మానం తీసినారు గదరా. ఇట్ల పెట్టలేదని రాస్తే తిండిపోతులనుకుంటారు. ఇంటికి పోయినాక మా పాప ఫోన్లో రుచి ల్యాదని రాస్తుంది చూడు."

అతను వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. తిట్టినందుకు కాదు. ఇరవై అయిదేళ్లు ఆ అడ్డం పెట్టిన చేతుల సందుల్లోంచి వడ్డించినవాణ్ణి, వేలెడంత గుడ్డ ముక్క పడుకుంటే చేతులు కట్టుకుని నిలబడ్డానే అని నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రాతలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. రుచి లేదంటే, మమ్మల్ని తినమనలేదు అని.

మర్నాటి నుంచి సర్వర్లకు చెప్పాను. జెండా దిగిందా, ఒక చువ్వ పట్టుకుని పోండి. "ఇది ఇప్పుడే కాలింది, ఒగటన్నా తినండి" అనండి. వద్దంటే ఇంకో రకం తీసుకుని మళ్లీ పోండి. మూడోసారి కూడా వద్దంటే అప్పుడు ఊరుకోండి. హైవే మీద పోయే బయటి ఊళ్లవాళ్లు ఒకరిద్దరు విసుక్కున్నారు, వాళ్లను మొదటి మాటకే వదిలేయమన్నాను. మనవాళ్లు మాత్రం వద్దు వద్దంటూనే ప్లేటు ముందుకు జరిపారు. పది రోజుల్లో తట్టలు ఖాళీ. అదే పొట్లాల మసాలాకు జనం నాలుగు చుక్కలు, అయిదు చుక్కలు పెట్టారు. "రుచి అద్భుతం" అని కూడా రాశారు.

యజమాని నా భుజం తట్టాడు. అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. "అనుభవమంటే ఇదప్పా" అన్నాడు. నేను తల వంచుకుని అందుకున్నాను. పిల్లలూ, నా తప్పులన్నిటిలోకీ పెద్దది ఇదే. మొదటిది భయంతో చేశాను, దానికి ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు. చప్పట్లు కొడుతుంటే నోరు మూసుకున్నానే, దానికి ఏ సాకూ లేదు.

ఆ నెలాఖరులో పెళ్లి వంటల మేస్త్రీ ఒకాయన హోటలుకు వచ్చాడు. మాటల్లో ఆమె ప్రస్తావన తెచ్చాను.

"ఆయమ్మనా? ఇంగ పిల్చడం ల్యా. హోటల్లో రుచి ల్యాదని తీసేసినారంట గదా. పెండ్లోళ్లకు తెలిస్తే నన్ను తిడ్తారు. కూలికి పోతాందంట, చెనిక్కాయలు పీకేదానికి."

పదిహేనేళ్లు సంపాదించుకున్న పేరు అది. నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాటతో పోయింది. నేను అన్న 'ఏమో' దారిలో ఎక్కడో రాలిపోయింది, రుచి లేదన్నది మాత్రం ఊళ్లన్నీ తిరిగింది.

వారం సెలవు రోజున ఆమె ఇంటికి వెళ్లాను. పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి. నన్ను చూసి కుర్చీ వేసింది, చెంబుతో నీళ్లు ఇచ్చింది.

"ఏంది సార్, ఇంత దూరం వచ్చినారు?" అంది.

సార్. హోటల్లో యజమానిని అలా పిలిచేది, నన్ను ఎప్పుడూ కాదు. విననట్టు ఊరుకుని జెండా కథంతా చెప్పాను. తప్పు వంటలో లేదని, వడ్డనలో ఉందని, ఆ రోజు నేను నా ఉద్యోగం కోసమే ఆ మాట అన్నానని చెప్పాను. నీ మాంసం నేను అంతవరకూ తిన్నవాటిలో మంచిదని చెప్పాను. చెబుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

"ఆ పొద్దు అందరి ముందర అన్నారు. ఈ పొద్దు నా ఒగదాని చెవిలో చెప్తాండారు" అంది. "ఇది నాకు తెలియంది కాదు సార్. నా చేతి సంగతి నాకు తెల్దా? తెలియనోళ్లు ఆడుండారు. ఆడ చెప్పండి."

"ప్రతి సోమవారం పొద్దున సార్ అందరినీ నిలబెడతాడు గదా, ఈ తూరి నువ్వు కూడా రామ్మా" అన్నాను.

"చెప్తారని నమ్మకముంటే వస్తా. ఒగ దినం కూలి పోగొట్టుకునేదానికి నాకు కుదరదు."

"చెప్తా" అన్నాను.

బస్సులో తిరిగి వస్తూ కోటు గురించే ఆలోచించాను. మా ఆవిడ గురించి, నెల గడవడం గురించి కూడా. చెప్పకుండా తప్పించుకునే దారులు మూడు నాలుగు తోచాయి. ఆమె రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, అప్పుడు నిలబడిన గుమ్మంలోనే నిలబడింది.

నేను వరుసలోంచి ముందుకు వచ్చి మాట్లాడతానన్నాను. యజమాని ఏదో శుభవార్త అనుకున్నాడు, నవ్వుతూ కానివ్వు అన్నాడు. చెప్పాను. జనం లేచిపోయింది రుచి లేక కాదు, మనం తినమని అడగక. అది నా పని, నేను చేయలేదు. ఈమె మసాలా బాగుందని నాకు ఆ రోజే తెలుసు. తెలిసే బాగాలేదన్నాను.

యజమాని నవ్వు పోయింది.

"అంటే ఆ పొద్దు నాకు అబద్ధం చెప్పినావా?"

"చెప్పినా సార్."

"నీ చేతి తప్పు ఆయమ్మ నెత్తిన వేసినావు. మళ్లా నా చేత చప్పట్లు గూడా కొట్టిచ్చుకున్నావు."

"అవును సార్."

"కోటు ఇప్పి ఆడ పెట్టు. ఉంటే ట్రే మోసుకుంటా ఉండు, ల్యాకపోతే నీ ఇష్టం" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఏమమ్మా, మళ్ల వస్తావా?"

"వస్తా సార్. వంటల మేస్త్రీకి మీరే ఫోన్ చేసి నా వంటలో తప్పు ల్యాదని చెప్పాల. ఈడ ఈ సారు చెప్పింది ఈడనే ఉంటుంది. నా పేరు పోయింది బయట."

యజమాని అక్కడికక్కడే ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా పెట్టి మేస్త్రీతో చెప్పాడు. నేను కోటు విప్పి కుర్చీ మీద పెట్టాను. ఆమె కొంగు బిగించుకుని లోపలికి పోయి, మసాలా పొట్లాలు గంపకెత్తి, రోలు కడగడానికి నీళ్లు పట్టింది. పట్నం వంటాయన కాసేపు చూసి రొట్టెల పొయ్యి దగ్గరికి జరిగాడు. అక్కడ ఆయన నిజంగానే మంచి పనివాడు.

తర్వాత నాలుగేళ్లు ట్రే మోశాను. మోకాళ్లు నొప్పి పుట్టేవి కానీ బల్ల దగ్గర వంగి, "ఒగటన్నా తినండప్పా" అనే పని నాకు బాగానే ఉండేది. ఆమెతో ఒకే వంటింట్లో తిరిగాను. పని మాటలన్నీ మాట్లాడేది, నేను అడిగినవి ఇచ్చేది, నా ఒంట్లో బాగాలేని రోజు బరువు ట్రే నా చేతిలోంచి తీసుకునేది. ఉప్పు చూడమని మాత్రం మళ్లీ నా చేతికి చువ్వ ఇవ్వలేదు. అన్నా అని మళ్లీ పిలవలేదు. పిలుస్తుందేమోనని నాలుగేళ్లూ ఎదురుచూశాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నేను మానుకున్న రోజు మధ్యాహ్నం శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళితే ఆమె పొట్టేలు ముక్కలు ప్లేటులో పెట్టి, "తిని పోండి సార్" అంది. నిలబడే తిన్నాను. వంటవాళ్లు, సర్వర్లు, అంట్లు తోమేవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. ఇంత మంచి మాంసం నేనెక్కడా తినలేదని అందరికీ వినబడేలా గట్టిగా చెప్పాను.

"సరే సార్" అంది. ఖాళీ ప్లేటు నా చేతిలోంచి తీసుకుని, కాలుతున్న చువ్వలు తిప్పడానికి వెళ్లిపోయింది.